బావ కంచంలో మొదటి ముద్ద

ఏం అమ్మాయ్, మళ్లీ సగంలో చెయ్యి కడిగేశావ్? కడుపులో తిప్పుతోందా? సర్లే, బలవంతపెట్టను. కడుపు గొడవ ఏమిటో మా బావని చూశాక తెలిసింది నాకు. బావంటే మా అక్క మొగుడు, టైలరు షాపులో కటింగ్ మాస్టరు. నువ్వు పుట్టకముందే పోయాడులే. చెయ్యి మహా నికార్సైంది, మనసే... ఒట్టి అనుమానాల పుట్ట! గుడ్డ తెచ్చినవాడి ముందు ఓసారి కొలిచి, వాడు మెట్లు దిగాక మళ్లీ కొలిచేవాడు. అలాంటివాడికి పెళ్లైన మూడో ఏడు కడుపు గోల పట్టుకుంది. తిన్న అరగంటకి మెలిపెట్టేది, కత్తెర అక్కడే పారేసి దొడ్డివైపు పరుగు. ఓ వారం పరుగులు, ఓ వారం అసలు కదిలేది కాదు. డాక్టరు పరీక్షలన్నీ చేసి ఏమీ లేదన్నాడు. ఇంకోడైతే సంతోషిస్తాడు కదా? ఈయనకి అక్కడే పురుగు తొలిచింది. ‘ఏమీ లేకపోతే ఎందుకొస్తుందిరా, ఎవరో ఏదో పెడుతుంటే కానీ?’ అన్నాడు నాతో. ఎవరో అంటే ఎవరమ్మా? ఆ ఇంట్లో ఉండేది ఇద్దరే.

నేను అదే షాపులో మిషను కుట్టేవాణ్ణి. ఓ మధ్యాహ్నం గొంతు తగ్గించి, ‘నీ బాక్సు నాకియ్యి, నాది నువ్వు తిను, మీ అక్కకి చెప్పకు’ అన్నాడు. చెడామడా తిట్టాల్సింది. తిట్టలేదు, మార్చాను. ఇంకోటి చెప్పనా, ఇంతవరకూ ఎవరితోనూ అనలేదు. మొదటిరోజు ముద్ద కలిపి, నోట్లో పెట్టుకోబోతూ, నేను కూడా వాసన చూశాను. నన్ను చంకనేసుకుని పెంచిన అక్క వండిన అన్నం! నెలరోజులు నాకేం కాలేదు, గుండ్రాయిలా ఉన్నా. ఆయన మా ఆవిడ వంట తిన్నా పరుగులే. అప్పుడేమన్నాడనుకున్నావ్? ‘మీ అక్క మీ ఆవిడకి కూడా చెప్పిందేమోరా’ అని! నవ్వకు, నిజం.

నోరు జారింది నేనే. ఓ ఆదివారం అక్కతో, ‘మొన్న కూరలో అంత ఉప్పేశావేంటే’ అన్నాను. ‘మొన్నటి కూర నువ్వెప్పుడు తిన్నావురా?’ అంది. అంతే. తిట్టలేదు, ఏడవలేదు. ఆ పూట నుంచి కంచం బావ ముందు పెట్టి, అందులోంచి ఓ ముద్ద తను తిని, ‘ఇక తినండి’ అనేది. తర్వాతెప్పుడో ఇంకో డాక్టరమ్మ, తిన్నదల్లా, ఎప్పుడేమైందీ రాసుకు రమ్మంది. రాస్తే బయటపడింది. ఆయనకి పాలు పడవు, ఉల్లిపాయ పడదు, పొద్దుట్నుంచి పస్తుండి ఒకేసారి మెక్కితే అసలే పడదు. అందరికీ అంతేనని కాదమ్మా, ఆయన పేగులు అంతే. మా ఆవిడ వంటల్లో అన్నిట్లోనూ ఉల్లిపాయే! ఈయనేమో పాలల్లో ఏం కలిపినా రంగు తేలిపోతుందని పూటకో గ్లాసు తాగేవాడు. భయపడుతూ తిన్నా మెలిపెడుతుంది, కాస్త నింపాదిగా తినండి అందట డాక్టరమ్మ. పూర్తిగా పోలేదు కానీ, పరుగులు తగ్గాయి. నా ఎదురుగానే అక్క చెయ్యి పట్టుకుని, ‘తప్పు నాదే, ఇక ఆపవే’ అన్నాడు. ‘సరే’ అంది. మర్నాడు మళ్లీ ముద్ద తీసుకుంది. ఇరవై రెండేళ్లు! మంచాన పడి గంజి తాగే రోజుల్లో కూడా మొదటి చెంచా తనే తాగేది. ఆయన కళ్లమ్మట నీళ్లు కారిపోయేవి. ఆయనకంటే సరే అమ్మాయ్. నేను వెళ్తే నా కంచంలోంచీ ఓ ముద్ద తీసుకునేది, ‘ఇక తినరా’ అని. నేను వాసన చూసిన సంగతి ఆవిడకి ఎవరు చెప్పారంటావ్? ఆరోజు నా ఎదురుగా కూర్చుంది బావ ఒక్కడే...

ఆ ఫ్యాను కాస్త తగ్గించు. చలేస్తోంది.