చిన్న సూత్రానికి కాపు కాసిన భూతద్దం గారు

1989 జూన్ పన్నెండవ తేదీన మన బౌద్ధ గ్రంథ ప్రచురణ సంస్థలో సహాయ సంపాదకురాలిగా చేరిన ఆమెను, అద్దం చేత పట్టనిదే పాత ప్రతిని ముట్టని అలవాటు చూసి, అందరూ భూతద్దం గారనడం మొదలుపెట్టారు. ఆ పిలుపుకు ఆమె ఏనాడూ నొచ్చుకోలేదు. ఆమెకు కోపం తెప్పించినవి వేరే ఉన్నాయి.

తొలి సంవత్సరాలలోనే ఆమె ఒక చిన్న సూత్రాన్ని పరిశోధనకు చేపట్టారు. రెండు పుటలు మించని ఆ సూత్రాన్ని కన్నుమూయబోయేవారి పక్కన తరతరాలుగా చదువుతున్నారు. అది బుద్ధుని నోట వెలువడినది కాదనీ, పరదేశంలో ఎవరో అక్కడి భాషలో ఉన్న ఒక పెద్ద గ్రంథం నుంచి వాక్యాలు ఏరి కూర్చారనీ, మూలమని మనం అనుకునే సంస్కృతంలోకి అది ఆ తరువాతే మారిందనీ ఆమె నిరూపించారు. పండితులు మెచ్చుకున్నారు. ఆ మెప్పే చివరకు ఆమె కొంప ముంచింది.

ఆమె ప్రధాన సంపాదకురాలైన తరువాత, సెలవులో ఉన్న సమయం చూసి, సంచాలకులవారు ఆమె వ్యాసాన్నే సాక్ష్యంగా చూపి, ఆ సూత్రాన్ని ప్రామాణిక సంపుటం నుంచి తీయించి, చిన్న అక్షరాలతో అనుబంధంలోకి నెట్టించారు. కబురు తెలిసి ఆమె నేరుగా అచ్చుగదికి వెళ్ళి, సిద్ధంగా ఉన్న కాగితాల కట్ట మీద కూర్చుండిపోయారు. కూతురు తెచ్చిన అన్నం డబ్బా కూడా అక్కడే విప్పారు.

“బుద్ధుడు చెప్పింది కాదని మీరే కదండీ రాశారు?” అన్నారు సంచాలకులు.

“రాశాను. తీసెయ్యమని రాశానా? అదెక్కడ పుట్టిందో చెప్పాను, అంతే. దాని చోటు దాన్ని నమ్ముకున్నవాళ్ళిచ్చారు. లాక్కోడానికి మనమెవరం? మీ అమ్మగారు పోయేటప్పుడు మీరు చదివించిందేమిటి?”

“అది ఇంటి సంగతండీ. ఇది సంస్థ. సరే, రేపు మాట్లాడుకుందాం, లేవండి.”

ఆ మాట నమ్మి ఆమె ఇంటికి వెళ్ళారు. తెల్లవారేసరికి సంపుటం అచ్చయిపోయింది, సూత్రం అనుబంధంలోనే ఉండిపోయింది. ఒక విదుషి చెప్పిన సత్యంలో సగం నరికి, ఆ సగాన్నే ఆమె మీదికి ఎత్తడం పచ్చి మోసం. ఇది అభినందన సంచిక కనుక ఇంతకన్నా గట్టి మాట వాడడం లేదు.

ఈ సంచిక వెలువడే సన్మాన సభలో ఆమెకు బహూకరించడానికి సంస్థ ఎంచినది, సిగ్గు విడిచి, ఆ సంపుటాన్నే. సంగతి తెలిసి ఆమె, “సరిచేసి ఇవ్వండి, తీసుకుంటాను,” అన్నారు.

కనుక ఆమె చూపు మసకబారకుండా, మోకాళ్ళు మొరాయించకుండా, ఆ సూత్రం తన చోటికి తిరిగివచ్చిన ప్రతిని స్వహస్తాలతో అందుకునేటంత ఆయుష్షు ఆమెకు కలుగుగాక. సంస్థ ఎంత ఆలస్యం చేస్తే, ఆమె అంతకాలం ఆరోగ్యంగా బతుకుదురు గాక.