పల్చటి రేకు

సింగపూరులోని యూ టీ పేటలో ఒక ఫ్లాట్ల భవనం కింద రాతి బల్ల దగ్గర, ఒక సాఫ్ట్‌వేరు ఉద్యోగి, అతని ఊరివాడే అయిన షిప్‌యార్డు వెల్డరు పాత లాప్‌టాప్ ముందు కూర్చున్నారు.

“నువ్వెక్కించిన పైథాన్ ఇంకా తెరుచుకోలేదన్నా. టీ కూడా అయిపోయింది.”

“అర జీబీ మెమరీ లేదు దీన్లో. ఎవడిచ్చాడ్రా?”

“ఎవరో లిఫ్టు దగ్గర వదిలేసి పోయారు. బుధవారం నా చేత్తో రాసిన ప్రోగ్రాము చూపిస్తేనే కంప్యూటరు కోర్సులో సీటు. లేకపోతే ఇంకో రెండేళ్లు ఓడల ట్యాంకుల్లో దూరి వెల్డింగే.”

“వేరే లాప్‌టాప్ చూసుకోమంటే వినవు.”

“మూడు ప్రోగ్రామింగ్ భాషలెక్కించావు, మూడూ కూలబడ్డాయి. పల్చటి రేక్కి కరెంటు తగ్గిస్తాం మేం, లేకపోతే చిల్లు పడుద్ది. నువ్వేమో పెంచుకుంటా పోతన్నావు.”

“నాకు పాఠాలు చెప్పకు. దీని మీద నడిస్తే సి భాషే నడవాలి. అది నేను మర్చిపోయి పదిహేనేళ్లయింది.”

“సి పుస్తకం నా సంచిలో ఉంది. మొన్న ఊరెళ్తే మీ అమ్మ పాత కాగితాలోడికి వేస్తంది, అడిగి తెచ్చుకున్నా.”

“నా పుస్తకమా?”

“పేరు నీదే. మూడో పాఠం దాకా పెన్సిలు గీతలున్నాయి. ఆ తర్వాత పేజీలు కొత్తగానే ఉన్నాయన్నా. తియ్యనా?”

“తియ్యి. నాలుగో పాఠం.”