తారీఖును బట్టి పార్టీ

సర్వే చేసే అమ్మాయి తలుపు కొట్టింది. బస్సు డ్రైవరు భార్య సబ్బు చేతులతోనే తీసింది.

“మీ ఆయన ఓటు ఏ పార్టీకండీ?”

“ఇవాళ తారీఖెంతమ్మా?”

“మూడండీ.”

“అయితే పన్నులూ సాయాలూ రెండూ ఎత్తేస్తామంటున్నారే, వాళ్ళకి. ఒకటో తారీఖున జీతంలో పన్ను కోత చూశారంటే, సర్కారు సోమరిపోతుల్ని మేపుతోందని వారం రోజులు చిందులేస్తారు.”

“తర్వాత?”

“పదిన పిల్లల పేర సాయం పడుతుంది. ఇక సర్కారంత కన్నతల్లి లేదంటారు.”

“మరి పోలింగు ఐదున కదండీ.”

“కొంప ముంచారు. లెక్కింపెప్పుడు?”

“పన్నెండున.”

“పన్నెండునా? ఆ రోజు ఆయన ఓటేసిన పార్టీ గెలిస్తే ఆయన్ని ఓదార్చేదెవరమ్మా?”