సముద్రం అడుగున మంచినీళ్ల బాయి

"సముద్రమంటే ఏమనుకున్న్యారప్పా మీరు? వానొచ్చిన దినం మన వంకలో పారే మోకాల్లోతు నీళ్లనుకున్న్యారా?" అన్నాడు రంగన్న, గిడ్డమ్మ అందించిన టీ గ్లాసుకు తువ్వాల చుట్టుకుంటూ.

కోసిగి స్టేషన్ దారిలో గిడ్డమ్మ టీ కొట్టు. ముందర రెండు బండలు, పైన ఒక రేకు. ఈ ఏడూ వానల్లేవు. పనిలేని మగవాళ్లంతా పొద్దున పదింటికే ఆ బండల మీద చేరి రంగన్న కోతలు వింటుంటారు. విత్తనం పోయిన ఇంట్లో కూర్చోవడం కన్నా అది నయం.

నాలుగు నెలల కింద రంగన్న, నాగక్క కొడుకు ఈరేష్ కలిసి సుగ్గికి, అంటే వలస కూలికి, పోయారు. కన్నడ దేశంలో సముద్రం ఒడ్డున పార్కు కడుతుంటే అక్కడ బండలు పరిచే పని. రంగన్న ఒక్కడే తిరిగొచ్చాడు. ఈరేష్ అక్కడే పనిలో ఉన్నాడు, తర్వాత వస్తాడు అని నాగక్కకు చెప్పాడు. ఈరేష్ ఫోను మోగదు. ఏ ఊరప్పా అది అని అడిగితే రంగన్న రోజుకో పేరు చెబుతాడు. ఈరేష్ భార్య శివజ్యోతి ఎదురుచూసి, ఏడ్చి, ఇప్పుడు మొగుడి పేరెత్తితే మొహం తిప్పుకుంటోంది. నాగక్క మాత్రం రోజూ వచ్చి కొట్టు పక్కన నేల మీద కూర్చుంటుంది. రంగన్న కథలో కొడుకు పేరు ఎక్కడ వస్తుందా అని వింటుంది. ఆమెకు కొడుకు జాడ తెలిసే దారి ఇంకొకటి లేదు.

"బీచ్ పార్కంటే ఎవురైనా పోవచ్చప్పా. టికెట్టు లే, గేటు లే. మేము బండలు పరుస్తాంటే పట్నమోల్లు బస్సుల్లో వచ్చి దిగుతారు. కండ్లకీ ముక్కుకీ కలిపి ఒక అద్దం కట్టుకుంటారు. నోట్లో ఒక గొట్టం. కాళ్లకి బాతుకాళ్ల మాదిరి రబ్బరు చెప్పులు. ఒడ్డు మీద నుంచి నడుచుకుంటానే నీళ్లలోకి పోయి బోర్లా పండుకుంటారు. గొట్టం కొస పైకి ఉంటాది, దాంట్లో గాలి పీలుస్తా, కింద చేపల్ని చూస్తా, పొద్దంతా అట్లే తేలతాంటారు. స్నార్కెలింగ్ అంటారు దాన్ని. దమ్మున్నోల్లు గొట్టం పక్కన పారేసి ఊపిరి బిగబట్టి అడుగుకే పోతారు. అది డైవింగు."

"చేపల్ని చూసేకి అంత కష్టమేలప్పా? ఆదోని సంతకి పోతే సాలదా?" అన్నాడు ముసలి బొజ్జన్న.

"సంతలో నువ్వు చూసేది సచ్చిన చేపలు మామా. బతికిండే చేప కన్ను కొడతాది, నీకేం తెలుసు. సరే ఇనండి. ఒక దినం ఏమాయె, ఒక పట్నమాయప్ప రాళ్ల మీద నిలబడి ఫోటో తీసుకుంటా కెమెరా జారిడిసినాడు. పోయి నీళ్లలో పడె. ఆయప్ప ఒకటే గోల. మా మేస్త్రీ వచ్చి, మీలో ఎవురికైనా ఈత వస్తాదా అన్న్యాడు. నేను పార కింద పెట్టి ముందరికి వస్తి. కోసిగోల్లని పట్టుకోని ఈత వస్తాదా అని అడుగుతావా? మా బాయిలు ఎనభై అడుగులు. దాంట్లో పడిన మోటార్లే చంకన పెట్టుకోని వస్తాం. నీ కెమెరా ఎంత, నీ గుంత ఎంత? అంటి."

"అట్లే అంటివా?"

"అందరూ ఇంటాండంగ అంటి."

ఈ ఒక్క మాట చెప్పేటప్పుడు మాత్రం రంగన్న గొంతు ఎప్పుడూ కొంచెం తగ్గుతుంది. ఆ వెంటనే ఇంకా గట్టిగా ఎత్తుకుంటాడు.

"అద్దం కట్టుకుంటి. గొట్టం పెట్టుకుంటి. మోకు నడుముకి బిగించి, కొస ఈరేష్ చేతికిస్తి. బాయి పద్ధతి మీకు తెలుసు గదా, ఒకసారి గుంజితే మోకు వదలల్ల, రెండుసార్లు గుంజితే పైకి లాగల్ల. వాడు రాయి మీద నిలబడె, నేను దుంకితి."

"నువ్వు బాయిలో దిగంగ నేనెప్పుడూ చూడలేదే రంగన్నా" అన్నాడు బొజ్జన్న. ఊళ్లో బావిలో ఏది పడినా తీసింది ఈరేష్, అంతకు ముందు వాళ్ల నాయన. ఇప్పుడు బావుల్లో నీళ్లే లేవు.

"దిగేటప్పుడల్లా నీకు చీటీ రాసి దిగల్లనా మామా? ఇనేటట్లుంటే ఇను, లేకుంటే లేసిపో. మొదట అర్ధ గంట ఉంటి. చేపలు, చేపలు, యాడ చూసినా చేపలు. పచ్చవి, ఎర్రవి, పెండ్లికూతురి చీర మాదిరి జరీ ఉండేవి. కెమెరా కనపడలే. ఇంకా కిందికి పోతి. ఈడ గొట్టం మునిగిపాయె. గొట్టంలోకి నీళ్లొస్తే పట్నమోల్లయితే గిలగిల కొట్టుకోని పైకొస్తారు. నేను ఉమ్మేస్తి గొట్టాన్ని. ఊపిరి బిగబట్టి గంటసేపు అడుగున నడిస్తి."

"గంటా!"

"గంట లెక్కేందప్పా. మనం నీళ్లు లేకుండా ఎండాకాలమంతా ఉండటం లేదా? గాలి లేకుండా ఒక గంట ఉండలేమా?"

బండల మీద వాళ్లు నవ్వారు. గిడ్డమ్మ నవ్వలేదు. ఆమె చూపు రంగన్న చేతుల మీద ఉంది. వాడు సుగ్గి నుంచి వచ్చినప్పటి నుంచి గ్లాసును వట్టి చేత్తో ముట్టడు. అదేమంటే సముద్రం కాడ దొరలు ఇట్లే తాగుతారంటాడు.

"ఆపైన ఏమైందో తెలుసా? అడుగున ఒక చేప అడ్డమొచ్చె. చేపనా అది? మన పెద్దరెడ్డి ఎద్దుంటాది చూడు, అట్లాంటివి రెండు కలిపినంత. నోరు తెరిచె. నేను భయపడతానా? ముక్కులో వేలు పెట్టి, నడుము మోకులోనే రవ్వంత తీసి ముకుతాడేస్తి. ఇంగ చూస్కో, పిల్లి మాదిరి అయిపాయె. దాన్ని కట్టుకోని సముద్రం అడుగున రెండెకరాలు దున్నితి."

"ఏమి విత్తితివప్పా?"

"ఉప్పు" అన్నాడు ఎవడో. మళ్లీ నవ్వారు.

"నవ్వండి, నవ్వండి. దున్నితి గాబట్టే దావ దొరికె. మడక ఒక బండకి తగిలె. బండ లేపితే కింద బాయి. సముద్రం అడుగున బాయప్పా! మెట్లుండాయి, గిలకుండాది, బొక్కెనుండాది. తోడి నోట్లో పోసుకుంటే తీపి నీళ్లు. అట్లా నీళ్లు నేను పుట్టిన కాడ నుంచి తాగలే. బాయిలోకి దిగితే ఒక ఊరు. కొర్ర, సజ్జ, వేరుశెనగ, మనిషెత్తు చేన్లు. ఏ ఊరప్పా నీది అన్నిరి. కోసిగి అంటి. ఆడ నీళ్లుండాయా అన్నిరి. బొక్కెనేస్తే మట్టే వస్తాది అంటి. ఆ ఊర్లో సుగ్గికి పోయేదంటేనే తెలీదంట. ఇండ్లకి బీగాలేసి, ముసలోల్లకి పిల్లల్ని అప్పజెప్పి లారీలెక్కేదుంటాదని చెప్తే ఎవురూ నమ్మలే. కోతలు కోయొద్దప్పా అన్నిరి నన్ను!"

ఈసారి ఎవరూ నవ్వలేదు. రంగన్నకు అది నచ్చలేదు. ముందుకు జరిగి కూర్చున్నాడు.

"వాల్లు నాకొక కానుక ఇచ్చిరి. ఏమి కావల్ల అంటే ఒక అల ఇయ్యండి అంటి. ఒకటంటే ఒకటి. తువ్వాల్లో మూట కట్టి, నెత్తిన పెట్టుకోని రైలెక్కితి. గుంతకల్లులో టీసీ వచ్చి దీనికి టికెట్టేది అన్న్యాడు. అలకి టికెట్టేందయ్యా, మా ఊరికి దావ చూపిస్తాండాను అంటే ఇనడే! దింపేసినాడు. ఆ పెనుగులాటలో మూట ఊడిపాయె. నమ్మకుంటే గుంతకల్లు ప్లాటుఫారం నాకి చూడండి, ఇప్పటికీ ఉప్పగా ఉంటాది."

"ఇంతసేపూ పైన ఈరేష్ మోకు పట్టుకోని నిలబడే ఉండెనా?" అన్నాడు బొజ్జన్న.

నేల మీద కూర్చున్న నాగక్క తలెత్తింది.

"వానికి నేను మోకు గుంజి చెప్తి, రారా, ఈడ ఇట్ల ఉండాదని. వాడూ దుంకె. దిగి ఆ నీళ్లు చూసినాడు. ఇంగ కదల్డే! ఆ ఊరోల్లు వాన్ని నీరుగంటిని చేసిరి. కాలవలకి నీళ్లు వదిలేది, కట్టేది, అంతా వాని చేతిలోనే. రారా ఊరికి పోదాం, అమ్మ ఉండాది అంటి. నేను రానన్నా, ఆ ఎండిన ఊర్లో ఏముండాదని వస్తా అన్న్యాడు." రంగన్న అందరి మొహాలూ చూశాడు. కథకు ఇంకొంచెం ఎత్తు కావాలనిపించింది. "రాకపోతే పాయె, ఆడనే ఒక పిల్లని చూసుకున్న్యాడు. పెండ్లికి నేనే పెద్ద. తాళిబొట్టుకి బంగారం లేదు, ముత్యం గుచ్చి కట్టిస్తి."

నాగక్క లేచింది. కొంగు దులుపుకుని, బండల మధ్యలోంచి వచ్చి రంగన్న ముందర నిలబడింది.

"పెండ్లి గూడ చేసితివా మావానికి?"

"కథకి అంటి లేక్కా."

"మొన్న నువ్వు, వాడు రానన్న్యాడంటివి. ఆ మాట ఎవురో పోయి శివజ్యోతికి చెప్పిరి. ఆయమ్మి తాళి పట్టుకోని గోడకి ఆనుకోని కూర్చునింది. రేపు ఈ పెండ్లి మాట పోతాది. గ్లాసు కింద పెట్టప్పా."

"యాలక్కా?"

"పెట్టు. తువ్వాల తీయి. చేతులు చాపు."

"చేతులేంది, జాతకం చూస్తావా?" అని రంగన్న నవ్వబోయాడు. ఎవరూ కలిసి నవ్వలేదు.

"మా ఆయప్ప బాయిల్లో దిగినన్నేండ్లూ పైన మోకు పట్టింది నేను. దిగినోనికి గుర్తు నడుం మీద పడతాది. పట్టినోనికి అరచేతిలో పడతాది." ఆమె తన రెండు చేతులూ చాపింది. వేళ్ల మొదళ్ల కింద, ఈ కొస నుంచి ఆ కొసకు నల్లటి గీత. "దిగింది నువ్వు, పట్టింది మావాడు అంటివి గదా. చాపు."

రంగన్న పిడికిళ్లు బిగించుకున్నాడు. ఆమె కొట్టలేదు, అరవలేదు. వాడి కుడి చేతిని ఒళ్లో పిల్లాడి చేతిని పట్టుకున్నట్టు పట్టుకుని ఒక్కో వేలూ విప్పింది. అరచేతికి అడ్డంగా, బొటనవేలంత వెడల్పున, చర్మం ఊడిపోయి కొత్తగా వచ్చిన ఎర్రటి నున్నటి చార. రెండో చేతిలోనూ అదే.

గిడ్డమ్మ స్టవ్ ఆపేసింది.

"దిగింది వాడు" అంది నాగక్క.

రంగన్న నోరు తెరిచాడు. ఇంతసేపూ మాట్లాడిన గొంతు అది కాదు.

"వాడేనక్కా. ఎనభై అడుగుల బాయి అని చెప్పింది నేను. నాకు ఈత యాడొస్తాది? మేస్త్రీ దిగు అంటే నేను ఎనక్కి జరిగితి. అందరూ నవ్విరి. అన్నా, నీ మాట పోనీనులే అని వాడు దిగినాడు."

"గుంజినాడా?"

"బాయిలో నీళ్లు కదలవక్కా. ఆడ అల వచ్చినప్పుడల్లా మోకు గుంజుతాది. ఒకసారి గుంజితే వదిల్తి. వాడు అడుగుతాండాడనుకున్న్యా. మల్ల గుంజె, మల్ల వదిల్తి. ఏది అలనో ఏది వాడో నాకు తెలీలే. అట్ల వదుల్తా వదుల్తా శానా దూరం పోనిస్తి. మల్ల రెండుసార్లు గుంజె, బిర్రుగా, ఒకదాని ఎనక ఒకటి. అది గూడ అలనే అనుకున్న్యా. ఆపైన ఒకే తూరి మోకంతా పాయె. చేతులు కాలినా వదల్లేదక్కా. కొస గూడ జారిపాయె." వాడు ఊపిరి తీసుకున్నాడు. "మూడు దినాలు ఎదికిరి. దొరకలే. నోరు తెరిస్తే కేసు నీ మీదకే వస్తాదని చెప్పి మేస్త్రీ రైలెక్కించినాడు. నీకెట్ల చెప్పల్లనో తెలీలే. వాడు యాడనో బాగుండాడని చెప్తాంటే నాకూ అట్లే అనిపిస్తాండె."

బొజ్జన్న తలపాగా తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. ఆ బండల మీద ఉన్నవాళ్లందరికీ ఈ కథ ఇన్నాళ్లూ నవ్వుతూ విన్నందుకు సిగ్గేసింది.

నాగక్క వాడి చేతులు ఇంకా వదల్లేదు.

"రెండుసార్లు గుంజినాడా? బాగ యోచన చేసి చెప్పు."

"గుంజినాడక్కా. రెండుసార్లు."

"ఒకదాని ఎనక ఒకటి?"

"ఊ."

"అది అల కాదప్పా. వాల్ల నాయన గూడ అట్లే గుంజుతాండె."

ఆమె కళ్లలో అప్పుడు నీళ్లు తిరిగాయి. వాడి చేతులు మూసి, ఒళ్లోనే పెట్టేసింది. కొంగు నెత్తిన వేసుకుని ఇంటి దారి పట్టింది. నాలుగడుగులు వేసి ఆగి, అక్కడున్న అందరికీ వినబడేలా చెప్పింది.

"నా కొడుకు రానన్లేదు. లాగమన్న్యాడు. శివజ్యోతి కాడికి ఈ మాటే పోవల్ల."