రత్నం నిలబడే జాగా

సాయంత్రం ఐదు దాటింది. మబ్బు పట్టింది గని వాన రాలే. కూసో సంధ్యా, చాయ్ తాగి పోదువు. ఏమంటివి, నువ్వు చదువు చెప్పే హుల్సూర్ బడిల ఒక పిల్ల నాయన తనంత తానే పాణం తీసుకుండు, ఆ పిల్ల ఏడుస్తలేదు, నవ్వుతాంది, దానితోని ఏం మాట్లాడాలె అంటివి. నాకేం తెలుసు బిడ్డా. మా ఇంట్ల అయింది చెప్త.

మా తమ్ముడు రత్నం నీకు యాదికున్నడు గదా. లగ్గం కాలే, మాతోనే ఉండె, నౌబాద్ల పని చేస్తుండె. పోయిన ఏడు చలికాలం... కాదు, అప్పటికింకా సోయా కోస్తుండ్రి. అట్లనే పోయిండు, తనంత తానే. పిల్లలకు జ్వరంతోని పోయిండని చెప్పుండ్రి అన్నరు పెద్దోళ్లు. చెప్పినం. సరే అన్నరు. ఏడువలే.

మా బిడ్డ రూత్ ఏం చేసేదనుకున్నవ్? పొద్దుగాల అన్న జాన్‌ను మామ తీరుగనే లేపేది. "ఏం దొరా, లేస్తవా, బ్యాండు మేళం తెప్పియ్యాల్నా?" అదే గొంతు. నవ్వొచ్చేది మాకు. నవ్వినంక ఎవ్వరి పనికి వాళ్లం లేస్తుంటిమి.

జాన్ అయితే బొంద పెట్టిన మూడోనాడే వాలీబాల్‌కు పోయిండు. "మట్టి ఆరలే, వీనికి ఆట గావాల్నా" అన్నది మా ఆడబిడ్డ. తీస్కొద్దామని నేనే పోయిన. బడి ఎనక ఆడుతుండ్రి. ఆ దిక్కు ఆరుగురు, మావోని దిక్కు అయిదుగురు. నెట్టు కాడ ఎడమకు ఖాళీ. రత్నం నిలబడే జాగా అది. బాల్ అక్కడ పడితే ఎవ్వరు కదిలేటోళ్లు కాదు. జాన్ పోయి తీసి, తుడిచి, అవతలోళ్లకు ఇచ్చేది. పసుపు పచ్చటి ఎండ, దుమ్ము లేస్తుండె, ఆ దుమ్ముల మనిషి ఉన్నట్టే అనిపిచ్చింది నాకు. పిలువలే. వచ్చేసిన. రోజు మావోని దిక్కోళ్లే ఓడేది. రోజు ఆడేది.

ఒకనాడు అందరు ఇండ్లకొచ్చిండ్రు, జాన్ రాలే. నేను గేటు కాడికి ఉరికిన. రూతే చెయ్యి పట్టింది, నడువమ్మా అని.

బడి ఎనక ఒక్కడే ఉన్నడు. బాల్ కొట్టుడు, అవతలికి పోయి తెచ్చుకునుడు. నేను పోయి ఆ ఖాళీల నిలబడ్డ. బాల్ భుజానికి తాకింది.

"జరుగమ్మా. అది మామ జాగా."

"తెలుసు. మామ జ్వరంతోని పోలే, జానూ."

"ఎరుకనే."

"నాగ్గూడ" అన్నది రూత్. "మీరెప్పుడు చెప్తరా అని సూస్తున్నం."

నెట్టు పట్టుకొని నిలబడ్డడు వాడు. "ఆ పొద్దు మామ ఆటకు పిలిచిండమ్మా. పరీక్షుంది రానన్న. నేను ఆటకు పోతే మామ ఉంటుండెనా?"

"నీ మాటకు పోలే బిడ్డా. శానా దినాలసంది లోపల నలిగిండు. మనకు కనవడలే."

మల్ల అడిగిన, నీకు గూడ అట్లనిపిస్తదా అని. అడగొద్దంటరు గదా అందరు. అయినా అడిగిన.

"సచ్చిపోవాలని కాదమ్మా. పొద్దు పొడువకపోతే మంచిగుంటుండె అనిపిస్తది, అప్పుడప్పుడు."

"అనిపిచ్చినప్పుడు నా పక్కకొచ్చి కూసో. ఏం చెప్పకపోయినా సరే" అన్న. అప్పుడు ఏడ్చిండు, దుమ్ములనే కూలబడి. రూత్ పక్కకు కూసుంది, ఊకె, చెయ్యి గూడ ఎయ్యలే. తెల్లారి బీదర్ల మనసు బాధలు సూసే డాక్టరమ్మ కాడికి తోలుకపోయినం. ఇంకా పోతనే ఉన్నడు.

ఆ పిల్లను ఏడువమనకు సంధ్యా. నవ్వితే నవ్వనీ. అడిగితే మాత్రం నిజం చెప్పు, నీకు గూడ అట్లనిపిస్తదా అని నువ్వు గూడ అడుగు. పక్కకు కూసో... ఇంకేం తెలుసు నాకు.

గేటు సప్పుడాయె. జాన్ వచ్చిండు. రూత్ లోపల చదువుకుంటాంది. మీ చిన్నాయన బండి... ఆ, వచ్చిండు. ముగ్గురు ఇంటికి చేరిండ్రు, రోజు ఇట్లనే లెక్కవెట్టుకుంట. నువ్వు పైలంగ పో బిడ్డా, చల్లగుండు.