మార్బుల్ కలెక్టర్ గారు

ఏం చూస్తున్నావే తేజశ్రీ, ఇందాకట్నుంచీ ఆ ఫోన్లో? ఏదీ, ఇటు తిప్పు. ఓరి వీడి దుంపతెగ, గోళీలా! గోళీని మెత్తటి బట్టమీద కూర్చోబెట్టి, పెళ్ళికూతుర్ని చూపించినట్టు చూపిస్తున్నాడేంటే? పాతవాటికి గిరాకీ అంటనా? నువ్వేదో కొత్త సంగతి కనిపెట్టినట్టు నాకు చెప్తున్నావు గానీ, మీ తాత వెంకటనారాయణ బతికుండుంటే ఆ ఫోన్లోకి దూరి, వాడి చేతిలోది లాక్కుని నోట్లో వేసుకునేవాడు. అవునే, నోట్లోనే. నవ్వకు. నువ్వు పుట్టకముందే పోయాడు కాబట్టి నీకు తెలీదు. ఫోటోలో ఆ మీసాలు చూసి పెద్దమనిషి అనుకుంటావు. మా పెళ్ళిచూపులకొచ్చి మా ఇంట్లో మంచమ్మీద కూర్చున్నాడా, మా నాన్న "పొలమెంతుంది బాబూ" అంటే "ఊఁ" అన్నాడు. "మిరపేస్తారా, పొగాకేస్తారా" అంటే "ఊఁహూఁ" అన్నాడు. లోపల మా అమ్మ గుండెలు బాదుకుంటోంది, "మూగాడికిస్తారా నా పిల్లని" అని. అప్పుడేం చేశాడో తెలుసా? బుగ్గలోంచి గోళీ తీసి, కండువాతో తుడిచి, మా నాన్న అరచేతిలో పెట్టి, "కుట్టుందండీ దీనికి, నాలిక్కి తగులుతోంది" అన్నాడు. ఆయన నోట్లోంచి నేను విన్న మొదటి మాట అది. మా నాన్న ఆ చెయ్యి ఎక్కడ కడుక్కోవాలో తెలీక ఆ పూటంతా అట్టాగే పట్టుకు తిరిగాడు.

కుట్టంటే ఏంటా? అదే చెప్తున్నా, ఆగు. నువ్వు చూసేవాడు ఇంగ్లీషులో ఏదో వాగుతున్నాడు గానీ మీ తాత లెక్క తేలిక. గోళీని ముందు బొడ్డుందా లేదా అని చూడాలి. బొడ్డంటే గాజుకడ్డీ నుంచి కోసిన చోట మిగిలిన మచ్చ. అదుంటే మనిషి చేత్తో తిప్పి, కత్తిరించింది, బాగా పాతది. బొడ్డు లేకుండా వెంట్రుకంత సన్నటి గీత తగిలితే అది కుట్టు. మిషన్లొచ్చిన కొత్తల్లో, కాగిన గాజుని మిషను కత్తిరిస్తే ఆ కోత పూర్తిగా అతుక్కోక మిగిలిన గీత. అట్టాంటివి కనపడటమే అరుదంట. బొడ్డూ లేదు, కుట్టూ లేదు, లోపల పిల్లికన్ను మాత్రం ఉందంటే అది మొన్నమొన్నటిది, పిల్లలకిచ్చెయ్యొచ్చు. సోడాబుడ్డిలో ఉండేది సరేసరి, అది వట్టి ఆకుపచ్చ గాజు. కుట్టు కంటికి కనపడదు, నాలికైతే అబద్ధం చెప్పదనేవాడు. ఛీ ఛీ, ఊళ్ళో వాళ్ళందరి గోళీలూ నాకి చూశాడే మహానుభావుడు! పిల్లలు ఆయన్ని చూస్తే జేబులు మూసుకుని పారిపోయేవాళ్ళు. ఇంకోటి, చర్మం. గోళీకి చర్మం ఉంటదంట, కాగిన గాజు చల్లారినప్పుడు దానంతట అది వచ్చిన మెరుపు. అది పోతే గోళీ చచ్చిపోయినట్టేనంట. అందుకని ఎప్పుడూ ఆడేవాడు కాదు. గోళీల పిచ్చోడు, గోళీలాడడు! ఎక్కడి పాపమో నాకొచ్చి తగులుకుంది.

ఎక్కడ తెచ్చేవాడా? పొగాకు కంపెనీలో దొరలుండేవాళ్ళు చూడు అప్పట్లో, వాళ్ళ పిల్లలాడుకుని వదిలేసి పోయినవి. కంపెనీ బంగళాలో పనిచేసే ఆమెకి జాడీడు మాగాయ ఇచ్చి తీసుకొచ్చాడు. జాడీ నాది, మాగాయ నాది! అందులోనే ఉంది ఒకటి, నల్లది. మామూలుగా చూస్తే బొగ్గుముక్క. ఎండలో పెడితే లోపల బంగారప్పొడి చల్లినట్టు మెరిసేది. దానికి కుట్టు కూడా ఉంది. దాన్ని చూసేటప్పుడు ఆయన మొహం చూడాలి... నన్నెప్పుడూ అట్టా చూడలేదు, నిజం చెప్పాలంటే. చిన్నప్పుడు ఆ దొరల పిల్లల దగ్గరే నేర్చుకున్నాడు, గోళీని మార్బుల్ అంటారని. ఊళ్ళో ఆ ముక్క మా ఇంట్లోనే తెలుసు. మిగతా వాళ్ళందరికీ మార్బులంటే నేలకి పరిచే బండే. ఇది గుర్తుపెట్టుకో, అసలు గొడవంతా ఇక్కడే ఉంది.

మాకున్నది రాళ్ళచేను. నాగలి పెడితే కణకణమని మోగేది. పక్కనే ప్రెసిడెంటు శ్రీకృష్ణయ్య చేను, అందులో బావి, ఎండాకాలంలో కూడా నిండుగా నీళ్ళు. మిరపనారు నాటిన కొత్తల్లో మొక్కమొక్కకీ నీళ్ళు పొయ్యాలి కదా. ఆ బావికెళ్ళి బిందెతో తోడి నెత్తిన పెట్టుకుని, గట్టు దాటి, చెంబుతో మొక్కకింత పొయ్యాలి. అప్పుడు మీ నాన్న నా కడుపులో. మెడ నరాలు పట్టేసి రాత్రిళ్ళు పక్కకి తిరగలేకపోయేదాన్ని. పోనీ తోడుకోనిచ్చేవాళ్ళా? ప్రెసిడెంటు పెళ్ళాం గట్టుమీద నిలబడి, "ఏం పున్నమ్మా, మా బావి ఎండబెట్టేదాకా నిద్రపోవా?" అనేది. ఒకరోజు ఆ మాటకి బిందె అక్కడే దించేసి, ఇంటికొచ్చి మీ తాతని తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టాను. "గోళీల బొడ్లు చూడ్డం కాదయ్యా, నా కడుపు చూడు" అన్నాను. మర్నాడు నాకంటే ముందు లేచి బిందె పట్టుకెళ్ళాడు. ఒక్కడెన్ని మోస్తాడు? ఆ బావి మాకుంటే చాలనిపించేది. ఇంకేమీ వద్దు, ఆ బావొక్కటీ.

అదిగో అప్పుడొచ్చింది ఫోను. ఊరికంతటికీ ఫోను ప్రెసిడెంటు ఇంట్లోనే. ఒంగోల్లో సోడాలమ్మే మాబు సాహెబని ఉండేవాడు, మీ తాతకి ప్రాణస్నేహితుడు. మద్రాసులో రైల్వేలో చేసి రిటైరైన రఘురామ్ గారని ఒకాయన పాత గోళీలు పోగేస్తాడని, పోగేసేవాణ్ణి ఇంగ్లీషులో కలెక్టరంటారని మాకు ముందే చెప్పున్నాడు. ఆయన వస్తున్నాడని తెలిసి పాపం మాబు సాహెబ్ ఫోన్ చేసి, "మార్బుల్ కలెక్టర్ గారు ఆదివారం వస్తున్నారు, వెంకటనారాయణ గారి దగ్గరున్నది చూట్టానికి. కాస్త చెప్పండి" అన్నాడంట. ప్రెసిడెంటుకి వినపడిందేంటి? కలెక్టర్. మార్బుల్. వెంకటనారాయణ రాళ్ళచేను! అప్పుడే చీమకుర్తి వైపు మెరుపు చుక్కల నల్లరాయి పడి, రాళ్ళచేలున్న వాళ్ళంతా ఒక్కసారిగా మేడలు లేపుతున్న రోజులు. ఇంకేముంది, ఎప్పుడూ మా గుమ్మం తొక్కనివాడు చెప్పులు బయటే విడిచి లోపలికొచ్చాడు.

"ఏం వెంకటనారాయణా, నీ దగ్గర మార్బులుందంటగా, చెప్పనే లేదు?" అన్నాడు. మీ తాత మొహం విప్పారింది. జన్మలో మొదటిసారి ఊళ్ళో ఒక మనిషి ఆయన గోళీల గురించి అడిగాడు కదా! "ఉందండీ, చాలా ఉంది. చెప్తే నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు" అన్నాడు. "రంగేంటి?" "అన్ని రంగులూ ఉన్నాయండీ. అయితే అసలైంది నల్లది. ఎండ తగిలితే లోపల మెరుపు చుక్కలు." ప్రెసిడెంటు చేతిలో కాఫీగ్లాసు కింద పెట్టి ముందుకి జరిగాడు. "ఎంత లోతులో ఉందయ్యా?" అన్నాడు గొంతు తగ్గించి. మీ తాత "లోతేముందండీ, అటక..." అంటున్నాడు, నేను చేతిలో మూకుడు ధనామని కిందేశాను. ఎందుకంటే నాకు తెలిసిపోయింది. తలుపు చాటునుంచి వింటున్న నాకు మొత్తం అర్థమైపోయింది. కొంగు నోట్లో కుక్కుకుని వంటింట్లోకి పోయి, గోడకానుకుని నవ్వానే, కడుపులో మీ నాన్న కూడా కదిలాడు. మీ తాతని లోపలికి పిలిచి, "నువ్వు అబద్ధమాడొద్దు. ఆయన అడిగినదానికి అవునంటే అవునను, కాదంటే కాదను. అటక మాటెత్తావో, చూడు మరి" అన్నాను. ఆయనకింకా అర్థం కాలేదు. బయటికొచ్చేసరికి ప్రెసిడెంటే అడిగేశాడు, "నీ రాళ్ళచేను నాకిచ్చెయ్, నా బావిచేను నీకిస్తా. అక్కడ నీకేం పండుతుంది చెప్పు, నీ కష్టం చూడలేక అంటున్నా" అని. చూశావా, ఎంత జాలో! అప్పుడర్థమైంది మీ తాతకి. నావైపు చూశాడు. నేను గోడమీద బల్లిని చూస్తున్నాను.

ఇంతవరకూ బానే ఉంది. కానీ ప్రెసిడెంటంటే మామూలోడా? మర్నాడు పెద్దమనుషుల్ని కూర్చోబెట్టి, "రేపు మాటలొద్దు. చేను మారినాక ఎవరూ వెనక్కి తిరిగేది లేదు. నీ దగ్గరున్న మార్బుల్ మొత్తం, చిన్నముక్క కూడా ఉంచుకోకుండా, నాకే. అవునా కాదా, పదిమందిలో చెప్పు" అన్నాడు. తన దురాశకి తనే ముడేశాడు. కానీ ఆ ముడి పడింది మా ఆయన మెడకే. ఎందుకంటే మీ తాతకి మార్బులంటే ఒకటే అర్థం. ఆయన మొహం పాలిపోయింది. నేను దూరంగా ఆడోళ్ళ మధ్య నిలబడున్నా. నాకు చెప్పాలనిపించింది, "ఓ పిచ్చి మనిషీ, ఆయన అడిగేది బండరాయిని, నీ గోళీల్ని కాదు, ఊఁ అనెయ్" అని. అనొచ్చు కదా, అంటే ఏం పోయింది? కానీ ఆయన అట్టాంటివాడు కాదు. నా వైపు చూశాడు, నా పొట్ట వైపు చూశాడు. తర్వాత గొంతు సవరించుకుని, "మొత్తం ఇస్తానండీ" అన్నాడు. ఆ వారంలోనే రిజిస్ట్రేషనైపోయింది.

ఆదివారం చూడాలే తల్లీ! మేళమేంటి, దండలేంటి, స్కూలు పిల్లల్ని రోడ్డు పొడుగునా నిలబెట్టడమేంటి! ప్రెసిడెంటు ఇస్త్రీ పంచె కట్టుకుని జీపు కోసం చూస్తున్నాడు. బస్సొచ్చింది. బక్కపల్చటి ముసలాయన గొడుగూ, గుడ్డసంచీ పట్టుకుని దిగాడు. మేళం వాళ్ళు ఆయన్ని పక్కకి జరగమన్నారు. "ఏమండీ, వెంకటనారాయణ గారిల్లెక్కడ? నేను మార్బుల్ కలెక్టర్ని, ఆయన గోళీలు చూట్టానికొచ్చాను" అన్నాడు. ఒక్కసారి సన్నాయి ఆగిపోయింది. ప్రెసిడెంటు చేతిలో దండతో అట్టాగే నిలబడ్డాడు. మా ఇంటి ముందుకొచ్చి ఒకటే అరుపులు, మోసం, దగా అని. అప్పుడు మీ తాత అటకమీంచి గోళీలున్న బిస్కెట్ల డబ్బా దించి తెచ్చి, అందరి ముందూ ప్రెసిడెంటు చేతుల్లో పెట్టాడు. "మాటిచ్చిన మార్బుల్ ఇదేనండీ. చిన్నముక్క కూడా ఉంచుకోలేదు" అన్నాడు. ఊరు ఊరంతా పగలబడి నవ్వింది. ప్రెసిడెంటు పెళ్ళాం కూడా నవ్విందంటే నమ్ము. నేను మాత్రం నవ్వలేకపోయాను. ఒకటో రెండో దాచుకుంటాడులే అనుకున్నాను, ఆ నల్లదైనా. దాచుకోలేదు.

ఆ ముసలాయన డబ్బా తెరిచి, భూతద్దం తీసి, అక్కడే దుమ్ములో చతికిలబడ్డాడు. నల్లది పట్టుకుని, "కుట్టుంది... చర్మం చెక్కు చెదర్లేదు..." అని గొణుక్కుంటూ కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. "నాకమ్మండి, ఏమడిగినా ఇస్తాను" అన్నాడు. ప్రెసిడెంటు కళ్ళు చిన్నవైపోయినాయి. "ఇప్పుడు కాదు. పంటలయ్యాక రండి" అని డబ్బా చంకన పెట్టుకుపోయాడు. బేరం పెంచుదామని! వాళ్ళావిడకి చెప్పాడంట, ఆయనొచ్చేలోపల ఇవి తళతళ మెరవాలని. ఆవిడేం చేసిందో ఊహించు. ఇత్తడి బిందెలు తోమినట్టు, చింతపండూ ఇటుకపొడీ వేసి, పీచుతో ఒక్కోదాన్నీ రుద్ది రుద్ది తోమింది! పంటలయ్యాక వచ్చిన రఘురామ్ గారు ఒకటి తీసి భూతద్దంలో చూశాడు, రెండోది చూశాడు, నల్లది చూశాడు. "అయ్యో, బతికుండగా తోలు ఒలిచేశారండీ" అని లేచి, మంచినీళ్ళు కూడా తాక్కుండా బస్సెక్కేశాడు. ఒక్క గోళీ కూడా కొనలేదు.

ఆ సంగతి మీ తాతకి మధ్యాహ్నం అన్నాల వేళ తెలిసింది. నేనే చెప్పాను, ఎవరో చెప్పేకంటే నయమని. కంచం ముందు కూర్చుని అన్నం కలుపుతున్నాడు. చెయ్యి ఆగిపోయింది. నాకు భయమేసింది. అప్పటికి మీ నాన్న పుట్టాడు, నా ఒళ్ళోనే ఉన్నాడు. నేను పన్నిన పన్నాగానికి ఈయన తన ప్రాణం ఇచ్చుకున్నట్టయిందే అని లోపల్లోపల కుమిలిపోతున్నా. అప్పుడు తలెత్తకుండానే అడిగాడు. "ఒసే, పొద్దున వంగమొక్కలకి నీళ్ళెట్టా పెట్టావు?" "ఎట్టా పెట్టేదేంటి, బావిమీద ఇంజనేసి కాలవ తిప్పొచ్చాగా" అన్నాను. "బిందె?" అన్నాడు. "బిందెందుకయ్యా ఇప్పుడు?" అన్నాను. "మరింకేం" అన్నాడు. అని, "కాస్త పచ్చడెయ్యి" అన్నాడు...

ఏంటే? ఏం లేదులే. కంట్లో ఏదో పడింది. ఆ ఫ్యాన్ తగ్గించు, ఒకటే దుమ్ము.