మూల మలిపి నిలబెట్టున్రి

హలో… ఆ, నేనే, శాలినిని. ఇనవడుతుందా బాపు?

బస్సు ఆగింది. కాదు… టైరు గాదు. బాంబట.

ఆ, దిగిన. అందరం దిగినం. పెద్దపల్లి దాటినంక రోడ్డు మీదనే ఆపిన్రు పోలీసోళ్లు. గిప్పుడు పొలం గట్టు మీద నిలవడ్డం.

లేదు… దెబ్బలేం తాకలే. ఇంకా ఏం పేలలేదు.

ఎవడో పోలీసోళ్లకు ఫోన్ చేసిండట, ఈ బస్సుల బాంబు ఉన్నదని. కరీంనగర్ నుంచి బాంబు వాసన పట్టే కుక్క రావాలెనట. అది వచ్చి చూసేదాంక ఎవ్వలు కదలొద్దట.

…ఇంటికెట్ల వస్త? ఇయ్యాల్నే గద ఆఖరు! మధ్యాహ్నం లోపల పోయి దవాఖానల చేరకపోతే, నా నర్సు పోస్టు ఇంకొకరికి ఇస్తరు. ఎన్నేండ్లు కష్టపడితే వచ్చింది బాపు అది!

— ఆటో మాట్లాడుకొని మల్ల ఇంటికే రావాల్నా? పొద్దుగాల తల మీద చెయ్యి పెట్టి, ప్రార్థన చేసి పంపినోనివి నువ్వే గద!

తెలుసు… తెలుసు. అక్కడెక్కడనో బస్టాండు పేలిన కాడికెళ్లి నీకు నిద్ర లేదు. టీవీ బందు చెయ్యమంటే చెయ్యవు. దినాం కరీంనగర్‌కు బస్సుల పోయి వచ్చుడు వద్దంటవు. మరి గింతమంది ఎట్ల పోతున్నరు?

ఆగు… ఇక్కడ ఓ అవ్వ తిడుతున్నది. "ఫ్రీ బస్సని ఎక్కితే పానానికి టికెట్టు కొడుతున్నరు" అని…

నవ్వొస్తలేదా? నాకు వచ్చింది.

అయ్యో… అయ్యయ్యో! బస్సుల వచ్చినోళ్లే కొడుతున్నరు బాపు!

దుప్పట్లు అమ్మేటాయనను. వెనక సీట్ల కూసున్నడు, పెద్ద మూట పట్టుకొని. తెలుగు రాదు పాపం. ఏదో చెప్తున్నడు, ఎవ్వలకు సమజైతలేదు. మూటను ముట్టేతందుకు అందరికి భయం. మనిషిని ముట్టేతందుకు మాత్రం ఎవ్వలకు లేదు.

— ఏంది?

'ఆయన గాదు' అంటవేంది? నీకెట్ల తెలుసు?

…ఊకెనే అన్నవా. సరే.

ఉండు, కండక్టరక్క వస్తున్నది. జమునక్కా! ఏమంటున్నరక్కా? …ఏందీ? …నిజంగనా?

బాపు, విను. ఆ ఫోన్ చేసినాయన 'బస్సుల మందు ఉన్నది' అన్నడట. అవతల ఎత్తినాయన సీసాలనుకొని, ఎక్సైజోళ్లకు చెప్పుకోమన్నడట! 'తాగేటిది గాదయ్యా, పేలే మందు' అని మల్ల గదిరిచ్చిండట.

బాంబును మందు అంటరా ఎవ్వలన్న? బొగ్గు బాయిల పేల్చేటోళ్లే గద అట్ల అనేది. నీ అసొంటోళ్లు.

…నేనేమంటలేను. అడుగుతున్న, గంతే.

ఇంకోటి గూడ చెప్పిండట. దానికి ఎస్సై తల గోక్కుంటున్నడు. 'అందరిని దించి, మూల మలిపి నిలబెట్టున్రి' అన్నడట. చుట్టు వరి పొలాలు, తీగ గుంజినట్టు రోడ్డు… ఇక్కడ మూలేది?

…

బాపు?

…టీవీ బందు చేసినవేంది?

బాయిల షాట్ పేల్చే ముందట నువ్వు గట్లనే ఒర్రుతుంటివట గద… మూల మలిగితే రాయి తాకదని. క్రిస్మస్‌కు పటాకులు తెచ్చినా, నన్ను, తమ్మున్ని గోడ మూల మలిపి నిలబెట్టినంకనే అంటిస్తుంటివి. వాడకట్టంత నవ్వుతుండె.

చెప్పు. దేవుని తోడు, చెప్పు.

…

ఏడ్వకు. ఏడ్వకు బాపు… అందరు నా దిక్కే చూస్తున్నరు.

ఎందుకు? నన్ను ఆపుదామనా? ఇయ్యాల ఒక్క పూట ఆపితే పోస్టు పోతది, బిడ్డ ఇంటి పట్టున ఉంటదనా?

— బతికుంటె చాలా? గట్లనా?

మరి నువ్వు? రిటైరయ్యేదాంక సంకల మందు డబ్బ పెట్టుకొని బాయిల దిగినవ్. బాయి పైకప్పు కూలి సదయ్య కాక సచ్చిపోయిన తెల్లారి ఏం చేసినవ్? ఫస్టు షిఫ్టుకు పోలేదా? అమ్మ దర్వాజకు అడ్డం నిలవడ్డదా? టిఫిను కట్టిచ్చింది. ఎన్నిసార్లు పెట్టినా మూత పడుతలేదు… అయినా కట్టిచ్చింది. నాకు యాదికున్నది.

గంతే బాపు. నేను గూడ గట్లనే పోత. ఇయ్యాల పోత, రేపు పోత. భయమా? ఎందుకు లేదు… బస్సుల సంచి కనవడితే సాలు, ఎవ్వలదని అడుగుతున్న. అడిగి, జవాబు చెప్పినంక కూసుంటున్న. దిగుతలేను గద!

— చెప్పొద్దా?

పట్టుకపోతరు… ఆ, పట్టుకపోతరేమో. నేనే వస్త ఇడిపించేతందుకు. బస్సులనే వస్త.

అగో… దుప్పట్లాయన మూతికెళ్లి నెత్తురు కారుతున్నది. జీపెక్కిస్తున్నరు.

వద్దు, ఫోన్ పెట్టకు. ఇది నువ్వు గూడ వినాలె.

సార్! ఎస్సై సార్! ఇటు రాన్రి… ఆయనను ఇడిసిపెట్టున్రి, ఆయనదేం తప్పు లేదు. బస్సుల ఏం లేదు సార్. మీకు ఫోన్ చేసిన మనిషి గోదావరిఖనిల ఉన్నడు… ఇగో, లైన్లనే ఉన్నడు.

పేరా?

తీతు.

మా బాపు.